రాయి చెప్పని వయసు: ఉసూర్ చుట్టుపట్ల సమాధులకు కాలం కట్టడం

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా, తాలిపేరు నీళ్లు పారే అడవుల్లో ఉన్న ఉసూర్, చనిపోయినవారి కోసం రాళ్లు నిలిపిన రెండు లోకాల నడుమ ఉంది. దక్షిణాన గోదావరి దాటితే ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవుల్లో, తాడ్వాయి మండలంలోని దామరవాయి, మంగపేట మండలంలోని మల్లూరు, పినపాక మండలంలోని జానంపేట, గుండాల మండలంలోని దొంగతోగు వంటి చోట్ల, ఇనుప యుగపు మనుషులు రాతి పలకలతో కట్టిన సమాధులు పదుల సంఖ్యలో, కొన్నిచోట్ల వందకు మించి, నేటికీ నిలిచి ఉన్నాయి. ఉత్తరాన ఇంద్రావతి వైపు వెళితే, జగదల్‌పుర్ నుంచి గీదం పోయే దారిలోని దిల్మిలిలోనూ, దంతెవాడ దగ్గరి గామావాడలోనూ మాడియా గోండులు తమ పెద్దల పేర నాటిన నిలువురాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఆ ఆచారం నిన్నమొన్నటి తరాల దాకా సాగింది. మొదటి వాటికీ రెండో వాటికీ మధ్య రెండు వేల ఏళ్లకు తక్కువ కాని ఎడం ఉన్నా, చూసే కంటికి రెండూ ఒకే కుదురుకు చెందినవిగా తోస్తాయి.

ఆ ఎడంలోనే చరిత్రకారులు తొలి మధ్యయుగం అని పిలిచే కాలం, అంటే సుమారు క్రీ.శ. 6వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం దాకా నడిచిన కాలం, ఇమిడి ఉంది. ఆ కాలపు, అంతకు కాస్త ముందటి బస్తర్ రాజుల సంగతి కొంత తెలుసు. నల వంశపు రాజులైన వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి వేయించిన బంగారు నాణేలు 1939లో కొండగావ్ ప్రాంతంలోని ఎడెంగాలో దొరికాయి. తర్వాత చక్రకోటమనే ఈ ప్రాంతాన్ని ఏలిన ఛిందక నాగ వంశపు రాజుల కాలపు గుళ్లు బార్సూర్‌లో నిలిచి ఉన్నాయి, వాటికి సంబంధించిన 11వ శతాబ్దపు తెలుగు శాసనం కూడా ఉంది. అయితే నాణెం వేయించిన రాజు పేరు మిగిలినట్టుగా ఆ నాణెం చేతబట్టి సంతకు వెళ్లిన మనిషి పేరు మిగలలేదు. ఆ మనిషి ఏం తిన్నాడు, ఎన్నేళ్లు బతికాడు, పోయినప్పుడు అయినవాళ్లు అతన్ని కాల్చారా, పాతిపెట్టారా, రాయి నాటారా అన్న ప్రశ్నలకు జవాబు శాసనాల్లో దొరకదు, అది సమాధుల్లోనే దొరకాలి. ఆ సమాధి ఏ శతాబ్దానిదో తేలనంత వరకు అందులోని ఎముకా, కుండా, ఇనుప కత్తీ ఏ కథకూ అతకవు. కాబట్టి ఇక్కడి పురావస్తు శాస్త్రానికి అసలు పని కాలం కట్టడం.

గోదావరి దక్షిణపు ఒడ్డున ఉన్న సమాధి నిర్మాణాన్ని ముందుగా కాస్త దగ్గరగా చూడవలసి ఉంటుంది. నాలుగు వెడల్పాటి రాతి పలకలను నిలువుగా నాటి, పైన ఒక పెద్ద బండను కప్పుగా పరిచారు, ఆ కప్పుబండ నాలుగు వైపులా చూరులా బయటికి పొడుచుకు వస్తుంది. నిలువు పలకల్లో ఒకదానికి మనిషి తల, భుజాలు పట్టేంత కంత తొలిచి ఉంటుంది. లోపల కొన్నింటిలో ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టె కనిపిస్తుంది, మృతుల అవశేషాలను పెట్టింది అందులోనే. వానాకాలంలో ఆ తొట్టెల్లో నీళ్లు నిలిచి ఉంటే, కొత్తగా చూసేవారు వాటిని పశువుల కుడితి తొట్లుగా పొరబడినా ఆశ్చర్యం లేదు. ఊళ్లవారు వీటిని రాకాసిగుళ్లు అంటారు. ఇంత బండను ఎత్తడం మనుషుల వల్ల అయ్యే పని కాదన్న అబ్బురం ఆ పేరులో పలుకుతుంది. పండితులు వాడే బృహత్ శిలా సమాధి అన్న మాట కూడా రాయి పెద్దదన్న సంగతినే చెబుతుంది తప్ప కాలాన్ని సూచించదు.

ఆకారాన్ని చూసి కాలం చెప్పబోతే ఎంత దూరం దారి తప్పవచ్చో ఈ గోదావరి సమాధులే ఒకసారి రుజువు చేశాయి. 1860ల చివర మల్హరన్ అనే సర్వే అధికారి ములుగు అడవుల్లోని కాటాపూర్ పరిసరాల్లో ఈ సమాధులనూ, వాటి పక్కన శిలువ ఆకారంలో నిలబెట్టి ఉన్న రాళ్లనూ చూసి లోకానికి తెలిపాడు. ఆ వివరాలు వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ చేతికి వచ్చాయి. ప్రపంచంలోని మోటు రాతి కట్టడాలన్నీ అందరూ అనుకున్నంత పాతవి కావని, చాలావరకు రోమన్ల తర్వాతి కాలానివని వాదిస్తూ ఆయన 1872లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ వాదానికి కాటాపూర్ రాళ్లు అతికినట్టు సరిపోయాయి: శిలువ ఉంది కనుక క్రైస్తవులు ఉండి ఉంటారు, క్రైస్తవులు ఉన్నారు కనుక సమాధులు క్రీస్తు తర్వాతివి అయి ఉంటాయి. ఆ తర్కంలో మెట్టు తర్వాత మెట్టు సక్రమంగానే ఉంది, పునాది ఒక్కటే తప్పు. ఆ రాళ్లు శిలువలు కావు. తల, చాచిన రెండు చేతులు, మొండెం ఉన్న మనిషి బొమ్మలు అవి, కొన్నింటిలో స్త్రీ రూపం స్పష్టంగా తెలుస్తుంది. ఇటీవలి దశాబ్దంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు దొంగతోగు వంటి చోట్ల జరిపిన అన్వేషణలో సమాధులతో కలిసి ఉన్న ఇలాంటి మానవాకార శిలలు మరిన్ని వెలుగు చూశాయి. ఒక ఆకారానికి పొరపాటు అర్థం చెప్పుకోవడం వల్ల ఒక శ్మశానం మొత్తం వెయ్యేళ్లకు పైగా ముందుకు జరిగిపోయింది.

గోదావరికి ఉత్తరాన పరిస్థితి ఇంతకంటే చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ రాయి నాటే ఆచారం తెగిపోలేదు. బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల మీద వెలువరించిన గ్రంథంలో ఈ స్మారక శిలలను వివరంగా వర్ణించాడు, వాటిని ఉరస్కల్ అంటారు. తర్వాత మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ బస్తర్ అంత్యక్రియల ఆచారాలను విడిగా అధ్యయనం చేశాడు. గోండిలో కల్ అంటే రాయి. తెలుగువారు యుద్ధంలో పడిన వీరుడి పేర నాటిన రాయిని వీరగల్లు అన్నప్పుడు, ఆ మాట చివర నిలిచింది కూడా ఇదే పాత ద్రావిడ పదం. భద్రాచలం మన్యంలోని కోయలు సైతం పెద్దల పేర రాళ్లు నిలుపుతారు. గోదావరికి అటూ ఇటూ ఒకే చుట్టరికంలోని జనాలు, ఒకే మూలపు మాటతో, ఒకే తీరున రాళ్లు నాటుతూ వచ్చినప్పుడు, ఉసూర్ అడవిలో అక్షరం లేని నిలువురాయి కనిపిస్తే అది క్రీ.పూ. 500 నాటిదో, క్రీ.శ. 900 నాటిదో, 1900 నాటిదో చూపుతో తేల్చడం సాధ్యపడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ నిలువురాళ్లలో చాలావాటిని స్మారకాలుగానే నాటారు. శవాన్ని ఒక చోట దహనం చేయడమో పూడ్చడమో జరుగుతుంది, రాయి మరో చోట, మరో రోజున, బంధువులంతా కూడి నాటుతారు. కాబట్టి రాయి కింద తవ్వితే ఎముక దొరుకుతుందన్న భరోసా ఉండదు, రాయి లేని మామూలు నేల కింద శ్మశానం ఉండవచ్చు. దక్కను అంతటా తొలి మధ్యయుగపు సమాధులు అరుదుగా కనిపించడానికి దహన సంస్కారం విస్తరించడం ఒక కారణమైతే, పూడ్చిన చోట పైన గుర్తు పెట్టకపోవడం మరో కారణం. ఆ కాలపు వీరగల్లుల మీద శాసనం ఉంటే శక సంవత్సరమే కాలం చెప్పేస్తుంది, శాసనం లేకపోతే శిల్పంలోని కత్తి, కట్టు, కొప్పు చూసి శతాబ్దాన్ని ఊహించవచ్చు. అక్షరమూ బొమ్మా లేని రాతికి మాత్రం మట్టిని అడగడం తప్ప గత్యంతరం లేదు.

మట్టిని అడగడం అంటే తవ్వకం. గునపంతో గొయ్యి తీయడానికీ పురావస్తు తవ్వకానికీ ఉన్న తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, మొదటిదానికి వస్తువు కావాలి, రెండోదానికి ఆ వస్తువు ఉన్న చోటు కావాలి. నేల పొరలు పొరలుగా పేరుకుంటుంది, కింది పొర ముందుది, పై పొర తర్వాతిది. ఎవరైనా సమాధి కోసం గొయ్యి తీసినప్పుడు ఆ పొరలు తెగుతాయి. శవాన్ని దించి తిరిగి మట్టి పోసినప్పుడు, ఆ పూడిక మట్టిలో పై పొరా కింది పొరా కలగలిసి, చుట్టూ ఉన్న నేల కంటే రంగులోనూ బిగువులోనూ కాస్త తేడాగా ఉంటుంది. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆ తేడా చెరగదు. తాపీతో నేలను పలుచగా గీకి, కాసిన్ని నీళ్లు చిలకరించి, ఎండ వాలుగా పడే వేళ చూస్తే, ఎర్రమట్టిలో ముదురు రంగు అంచు దీర్ఘచతురస్రంగానో కోలగానో తేలుతుంది. గొయ్యి తీసినవాడి చేతి పని అదే. ఆ అంచు దొరికాకే తవ్వకందారు లోపలికి దిగుతాడు.

పెద్ద కట్టడమైతే స్థలాన్ని నాలుగు పావులుగా గీసి, ఎదురెదురుగా ఉన్న రెండు పావులను ముందు తవ్వి, మధ్యలో మట్టి గట్టును కదపకుండా వదులుతారు. ఆ గట్టు పక్క గోడ మీద పొరలన్నీ నిలువుగా కనిపిస్తాయి, వాటిని కొలిచి గీసిన బొమ్మే తవ్వకానికి అసలైన దస్తావేజు. పొరల బొమ్మ గీసే ఈ పద్ధతికి దక్కనులోనే పాత మూలం ఉంది. ఫిలిప్ మెడోస్ టైలర్ అనే బ్రిటిష్ అధికారి 1850ల ప్రాంతంలో కర్ణాటకలోని సురపురం వైపు బృహత్ శిలా సమాధులను తవ్వినప్పుడు, అప్పటికి యూరప్‌లోనూ అరుదైన రీతిలో, సమాధిని నిలువునా కోసినట్టు చూపే పొరల బొమ్మలు గీసి పెట్టాడు. కప్పుబండ ఎత్తడం నేటికీ తేలిక వ్యవహారం కాదు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో తెలంగాణ పురావస్తు శాఖ తవ్విన సమాధి మీది బండ 40 టన్నులకు పైబడి ఉండటంతో భారీ క్రేను తెప్పించవలసి వచ్చింది. బండ లేచాక మాత్రం పని మళ్లీ వెదురు పుల్లకూ, కుంచెకూ, జల్లెడకూ తిరిగి వస్తుంది. ఇనుప పనిముట్టు ఎముక మీద గీత పెడుతుంది కనుక ఎముక చుట్టూ మట్టిని వెదురు పుల్లతోనే తీస్తారు. తీసిన మట్టినంతా జల్లిస్తారు, పూస, పన్ను, గింజ వంటివి జల్లెడలోనే చిక్కుతాయి. ఎముకల అమరిక కూడా సాక్ష్యమే. కీళ్లు యథాస్థానంలో ఉంటే శవాన్ని మాంసంతో ఉండగానే పూడ్చారని అర్థం. పుర్రెలు ఒక పక్కన, పొడుగు ఎముకలు మరో పక్కన పేర్చి ఉంటే, వేరే చోట శుష్కించిన తర్వాత ఎముకలను ఏరి తెచ్చి పెట్టారని అర్థం. దీన్ని ద్వితీయ ఖననం అంటారు, బృహత్ శిలా సమాధుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఇక కాలం. దాన్ని కట్టడానికి ఉన్న తొలి ఆధారం, సమాధిలో దొరికిన వస్తువుల్లో అన్నిటికంటే కొత్తది ఏదన్న ప్రశ్న. సమాధి దానికంటే పాతది కాజాలదు. 1939లో ఇంగ్లాండ్‌లోని సటన్ హూ దిబ్బ కింద, ఓడలో పాతిపెట్టిన ఆంగ్లో-సాక్సన్ రాజవైభవం బయటపడినప్పుడు, అందులోని 37 బంగారు నాణేలే కాలనిర్ణయానికి ఆధారమయ్యాయి. నాణేల మీద సంవత్సరం లేకపోయినా, ఫ్రాంకుల దేశపు టంకశాలల చరిత్రను బట్టి అవి 7వ శతాబ్దపు తొలి దశాబ్దాలకు చెందినవని తేలింది. అక్కడ శవం మాత్రం దొరకలేదు, ఆమ్ల గుణం ఉన్న ఇసుక నేల ఎముకలను పూర్తిగా తినేసింది. వానలు దండిగా కురిసే బస్తర్ అడవి నేలల్లో పనిచేసేవారు ఈ సంగతిని మరవకూడదు. ఎముక లేదంటే సమాధి కాదని అర్థం చేసుకుంటే సటన్ హూ కూడా సమాధి కాకుండా పోతుంది. అంతకుముందు 1653లోనే బెల్జియంలోని టూర్నేలో ఒక సమాధిలో ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ పేరు చెక్కిన ముద్రటుంగరం దొరికింది. ఆయన 481-482 ప్రాంతంలో మరణించాడని చరిత్ర గ్రంథాల వల్ల తెలుసు కనుక, ఆ సమాధిలోని కత్తులు, ఆభరణాలు యూరప్ తొలి మధ్యయుగపు శ్మశానాలన్నిటికీ కొలబద్ద అయ్యాయి. పేరుతో, ఏడాదితో దొరికే అలాంటి ఒక్క సమాధి గోదావరి-ఇంద్రావతి నడుమ దొరికితే దాని విలువ ఇంతా అంతా కాదు.

అయితే వస్తువుల సాక్ష్యానికి ఒక హద్దు ఉంది. నల రాజుల బంగారు నాణెం ఒక సమాధిలో దొరికిందనుకుంటే, సమాధి ఆ రాజు తర్వాతిదని మాత్రమే నిశ్చయంగా చెప్పవచ్చు, ఆ నాణెం నాలుగు తరాలు మెడలో వేలాడి ఆ తర్వాతే నేలలోకి చేరి ఉండవచ్చు. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిని తవ్వినప్పుడు ఈ పద్ధతినే ఆశ్రయించాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమన్ సరుకుతో కలిసి దొరికిన కుండపెంకుల సాయంతో, బ్రహ్మగిరి బృహత్ శిలా సంస్కృతిని క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం మధ్య దాకా అని లెక్కగట్టాడు. అప్పటికి అందుబాటులో ఉన్న ఆధారాలతో అంతకంటే మెరుగ్గా ఎవరూ చేయలేకపోయేవారు. కానీ 1960లలో కర్ణాటకలోనే హళ్ళూరు తవ్వకంలో ఇనుము దొరికిన పొరలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే క్రీ.పూ. 1000 ప్రాంతం అని వచ్చింది, దక్షిణాది ఇనుప యుగపు ఆరంభం ఒక్కసారిగా కొన్ని వందల ఏళ్లు వెనక్కి జరిగింది.

రేడియోకార్బన్ పద్ధతి ఆధారపడే సూత్రం సులభంగానే అర్థమవుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల గాలిలో కార్బన్-14 అనే అస్థిరమైన కార్బన్ రకం నిరంతరం పుడుతూ ఉంటుంది. చెట్టు గాలి ద్వారా, మనిషి తిండి ద్వారా దాన్ని ఒంట్లోకి తీసుకుంటారు. ప్రాణం పోయిన క్షణం నుంచి కొత్తది చేరదు, ఉన్నది మాత్రం సుమారు 5730 ఏళ్లకు సగం చొప్పున క్షీణిస్తూ పోతుంది. 1200 ఏళ్ల కిందట చనిపోయిన మనిషి ఎముకలో మొదటి కార్బన్-14లో దాదాపు 86 శాతం మిగులుతుంది, 2500 ఏళ్ల కిందటి ఎముకలో 74 శాతం మిగులుతుంది. రసాయన శాస్త్రవేత్త విల్లార్డ్ లిబ్బీ 1940ల చివర ఈ పద్ధతిని రూపొందించినప్పుడు పరీక్షకు చాలా పదార్థం కావలసి వచ్చేది. ఇప్పుడు పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కించే యాక్సిలరేటర్ యంత్రాలు వచ్చాక చిటికెడు బొగ్గు, చిన్న ఎముక ముక్క సరిపోతుంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ కేంద్రంలో అలాంటి సదుపాయం ఉంది.

గాలిలో కార్బన్-14 అన్ని శతాబ్దాల్లోనూ ఒకే పాళ్లలో లేదు కనుక, యంత్రం ఇచ్చిన అంకెను వయసు తెలిసిన చెట్టు వలయాలతో పోల్చి సరిచేయాలి. ఆ సవరణ గీత కొన్నిచోట్ల ఏటవాలుగా, కొన్నిచోట్ల చదునుగా ఉంటుంది. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా అది దాదాపు చదునుగా సాగుతుంది, ఆ నాలుగు వందల ఏళ్లలో ఎప్పుడు మరణించినా యంత్రం ఇంచుమించు ఒకే అంకె చూపుతుంది. తెలంగాణ ఇనుప యుగపు సమాధుల్లో ఎన్నో ఈ చదునులోనే పడతాయి. అందువల్ల దామరవాయి వంటి చోట రెండు సమాధుల్లో ఏది ముందో, ఏది వెనకో ఈ పరీక్షతో తేల్చడం కష్టం. తొలి మధ్యయుగపు సమాధి ఈ విషయంలో అదృష్టవంతురాలు, ఆ శతాబ్దాల్లో సవరణ గీత మొత్తం మీద అనుకూలంగా ఉంటుంది, కాలాన్ని వంద, నూటయాభై ఏళ్ల పరిధిలోకి కుదించడం తరచుగా సాధ్యపడుతుంది. ఉసూర్ వంటి చోట ఇనుప యుగపు సమాధినీ తొలి మధ్యయుగపు సమాధినీ వేరుచేయడానికి ఈ పద్ధతి నిక్కచ్చిగా పనికొస్తుంది, కావలసిందల్లా పరీక్షకు నిలిచే పదార్థం.

ఆ పదార్థం దగ్గరే పేచీ అంతా. ఎముకలో పరీక్షకు పనికొచ్చేది కొలాజెన్ అనే మాంసకృత్తు. వేడి, తేమ, ఆమ్ల గుణం కలిసిన నేలలో అది త్వరగా కరిగిపోతుంది. పన్ను కొంత మేలు. బాగా కాలి తెల్లబడిన ఎముకలో కొలాజెన్ అసలే ఉండదు, కానీ మంట వేడికి గట్టిపడిన ఖనిజ భాగంలోని కార్బన్‌ను పరీక్షించే పద్ధతి గత పాతికేళ్లలో కుదురుకుంది కనుక, దహనం చేసి ఎముకలు ఏరి పెట్టిన కుండకు కూడా ఇప్పుడు కాలం కట్టవచ్చు. బొగ్గు సులువుగా దొరుకుతుంది, కాకపోతే మోసం చేస్తుంది. రెండు వందల ఏళ్లు బతికిన మద్ది చెట్టు నడిమి చేవ, చెట్టు కొట్టిన నాటికే రెండు వందల ఏళ్ల పాతది, దాన్ని చితికి వాడితే సమాధి అంత పాతదిగా కనబడుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు దుంగ బొగ్గు కంటే ఒక్క ఏడాది బతికిన గింజను, గడ్డిని, సన్నని కొమ్మను ఎంచుకుంటారు. సమాధిలో మాడిన ఒక్క కొర్ర గింజ అయినా పెద్ద దుంగ కంటే నమ్మదగిన సాక్షి.

ఒక్క నమూనాతో తృప్తి పడితే ఏమవుతుందో ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ నేర్పింది. సుమారు 5000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మంచు మడుగులో వందల మంది ఎముకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. తొలినాటి పరీక్షలను బట్టి వారంతా 9వ శతాబ్దంలో ఒకే ప్రమాదంలో చనిపోయారని లోకం నమ్మింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ తదితరులు 38 మంది ఎముకల డీఎన్‌ఏను చదివి, విడివిడిగా రేడియోకార్బన్ పరీక్షలు చేయించి 2019లో వెలువరించిన ఫలితాలు ఆ కథను తలకిందులు చేశాయి. 23 మంది భారతీయ మూలాలవారు, వారిలోనూ అందరూ ఒకే సారి చనిపోలేదు, 7వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా వేర్వేరు కాలాలు తేలాయి. 14 మంది మాత్రం తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలవారు, వారు చనిపోయింది క్రీ.శ. 1800 ప్రాంతంలో. ఒకే మడుగులో, ఒకే ఎముకల కుప్పలో వెయ్యేళ్ల తేడా దాగి ఉంది. ఒక శ్మశానంలో నూరు సమాధులుంటే వాటిలో ఒకటి రెండింటిని పరీక్షించి మొత్తానికి వయసు ప్రకటించడం ఎంత సాహసమో దీన్ని బట్టి తెలుస్తుంది. పాత సమాధిని తర్వాతి తరాలు తెరిచి తమ మృతులను అందులో ఉంచడం లోకమంతటా ఉన్నదే, ఆంగ్లో-సాక్సన్లు తమకంటే రెండు వేల ఏళ్ల పాత కంచు యుగపు దిబ్బల్లో తమవారిని పూడ్చారు. రాకాసిగుళ్ల కంతలు లోపలికి దారి చూపుతూనే ఉన్నాయి కనుక, గోదావరి తీరంలోనూ ఆ అవకాశాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఎముకా బొగ్గూ రెండూ లేనిచోట, కేవలం స్మారకంగా నాటిన రాయి దగ్గర, పనికొచ్చే పద్ధతి మరొకటి ఉంది. నేలలోని స్ఫటికపు ఇసుక రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత నుంచి ఏటా కొద్దికొద్దిగా శక్తిని కూడబెట్టుకుంటాయి, ఎండ సోకగానే ఆ కూడబెట్టినదంతా వదిలేసి సున్నాకు వస్తాయి. ప్రయోగశాలలో ఆ రేణువు మీద కాంతి ప్రసరింపజేస్తే, అది దాచుకున్న శక్తిని సన్నని వెలుగుగా విడుదల చేస్తుంది. ఆ వెలుగును కొలిచి, ఏడాదికి చేరే మోతాదుతో భాగిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండను చూసి ఎన్నేళ్లయిందో తేలుతుంది. దీన్ని కాంతి ప్రేరిత సందీప్తి పద్ధతి అనవచ్చు. రాయి నాటేందుకు గొయ్యి తీసిన రోజున అడుగు మట్టి ఎండను చూసింది, రాయి దిగగానే చీకటి కమ్మింది. ఆ చీకటి వయసే రాయి నాటిన నాటి నుంచి గడిచిన కాలం. నమూనా తీసేటప్పుడు ఉక్కు గొట్టాన్ని మట్టి గోడలోకి దిగగొట్టి, రెండు కొసలూ మూసి, నల్ల గుడ్డలో చుట్టి తీసుకుపోతారు, ఒక్క క్షణం వెలుగు తగిలినా వేల ఏళ్ల లెక్క చెరిగిపోతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో జరిగిన తవ్వకంలో ఇనుప వస్తువులు దొరికిన పొరకు ఈ పద్ధతిలోనే క్రీ.పూ. 2200 ప్రాంతపు కాలం వచ్చింది, ఇనుము అంత పాతదా అన్న చర్చ పండితుల్లో ఇంకా నడుస్తోంది. ఈ పద్ధతిలో పొరపాటుకు అవకాశం రేడియోకార్బన్ కంటే కొంత ఎక్కువ, వెయ్యేళ్లకు యాభై నుంచి వంద ఏళ్లు అటూ ఇటూ కావచ్చు. అయినా ఇనుప యుగమా, నాగరాజుల కాలమా, బ్రిటిష్ కాలమా అన్న ప్రశ్నకు ఆ తేడా అడ్డు రాదు.

ఈ పద్ధతులన్నిటికీ ఉమ్మడిగా ఒక షరతు ఉంది. మట్టి కదలకుండా ఉండాలి. బొగ్గు ముక్క ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని వయసు ఎవరి వయసో తెలియదు, రాయి ఒకసారి పక్కకు ఒరిగితే కింది ఇసుక ఎండను చూసి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గుప్తనిధుల ఆశతో రాత్రిపూట కప్పుబండలు పెకలించేవారికి ఈ సమాధుల్లో బంగారం దొరకడం చాలా అరుదు, నల్లని, ఎర్రని కుండలు, తుప్పు పట్టిన ఇనుము, కొద్దిపాటి పూసలు మాత్రమే ఉంటాయి. వారు పోగొట్టేది మాత్రం తిరిగి కూడబెట్టడానికి వీలుకాని సాక్ష్యం. చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టం రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకాన్ని నిషేధించింది, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలియజేయాలి.

బస్తర్‌లో మరో హక్కు కూడా లెక్కలోకి రావాలి, చట్టం కంటే అది పాతది. దిల్మిలి, గామావాడ రాళ్ల కింద ఎవరి పేర్లున్నాయో ఊళ్లలో చెప్పగలిగినవారు ఉంటే, ఆ రాయిని ముందుగా వారే చూపాలి, తవ్వాలా వద్దా అన్నది వారినే అడగాలి. శాస్త్రానికీ ఇందులో లాభమే ఉంది, ఎందుకంటే ఏ రాయి తాత పేర నాటిందో, ఏది ఎవరికీ గుర్తులేనంత పాతదో చెప్పగలిగేది వారే. ఎవరికీ గుర్తులేదన్న రాళ్ల దగ్గరే ఉక్కు గొట్టం దిగాలి, తొలి మధ్యయుగపు ఉసూర్ మనిషి అక్కడే దొరికే అవకాశం ఉంది.

తాడ్వాయి, గుండాల, వెంకటాపురం, ఉసూర్ వైపు అడవుల్లో తిరిగేవారికి ఇలాంటి కట్టడం ఏదైనా కొత్తగా కంటబడితే, రాయిని కదపకుండా, కంతలోకి చెయ్యి పెట్టకుండా, కింద పడి ఉన్న పెంకును సైతం అక్కడే ఉంచి, దూరం నుంచి ఫొటో తీసి, ఆ చోటు ఎక్కడో పురావస్తు శాఖకో దగ్గరి విశ్వవిద్యాలయానికో తెలియజేయాలని విజ్ఞప్తి.